రెండో చుక్క

ఇది ఒక మహాగాథ. ఇందులో ఒక వృద్ధవీరుడు ఉంటాడు, అతని కుడిచేతి కీర్తి నాలుగు ఊళ్ళకు పాకి ఉంటుంది, దేశాంతరం నుంచి ఒక కొత్త యంత్రం దిగుతుంది, నిండుసభలో ఒక అబద్ధం పుడుతుంది, ఒక సింహాసనం ఖాళీ అవుతుంది. ఇట్లా మొదలుపెట్టి పేజీన్నర రాసుకొని, టీ తాగొచ్చి, మళ్ళీ చదివి, చించేశాను. ఎందుకంటే ఆ సింహాసనం ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, దాని వెనక కాళ్ళలో ఒకటి కొంచెం పొట్టి. దేశాంతరం అంటే కర్నూలు. నిండుసభలో ఉన్నది మొత్తం ఐదుగురు, వాళ్ళలో ఒకాయన టీ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చి నిలబడినాయన. అబద్ధం మాత్రం నిజమే. దాన్ని ఆడింది నేనే. అది చించినా పోలేదు కాబట్టి మిగతాది కూడా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పోయిన నెల కడపలో కళ్ళ పరీక్షకని ఒక ఆసుపత్రికి పోయాను. అక్కడిప్పుడు చీటీ రాసిచ్చే మనిషి లేడు, గోడకు నిలబెట్టిన ఒక గాజుపలక ఉంది, దానిమీద మన పేరు మనమే వేలితో కొట్టుకోవాలి. మొదటి అక్షరం పడింది. రెండోది పడలేదు. ఇంకోసారి నొక్కితే రెండు పడ్డాయి. వెనక వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. పక్కనే నిలబడి సాయం చేస్తున్న అమ్మాయి, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, ఎంతో మర్యాదగా, నా వేలు సరిగా ఆనడం లేదనీ, ఈ వయసులో ఇది మామూలేననీ, నిదానంగా నొక్కమనీ చెప్పింది. నేను నా వేలు ఎత్తి చూసుకున్నాను. అటు తిప్పి, ఇటు తిప్పి. అప్పుడు గుర్తొచ్చింది, పాతికేళ్ళ కింద ఒక పెద్దాయన ఇట్లాగే తన చెయ్యి తాను తిప్పి చూసుకున్నాడు. ఆ మాట అంత మర్యాదగానే చెప్పి ఆయన తన చెయ్యి చూసుకునేట్టు చేసినవాణ్ణి నేను.

మీరు నా ఈడువాళ్ళయితే కంప్యూటర్ గదిలోకి చెప్పులు బయట విడిచి పోయిన రోజులు మీకూ గుర్తుండాలి. కర్నూలులో నేను చేరిన ఇన్‌స్టిట్యూట్‌లో యంత్రాలు నాలుగు, మేము పద్దెనిమిది మందిమి, గది తలుపు మీద దుమ్ము లోపలికి రాకూడదని రాసిన కాగితం మీద అరంగుళం దుమ్ము. మౌస్ కింద మూత తిప్పి లోపలి రబ్బరు గుండు తీసి, దానికి అంటుకున్న మురికిని గోటితో గీకి, మళ్ళీ పెట్టడం మాకు నేర్పిన మొదటి విద్య. ఇప్పటికీ నాకు సందేహం లేకుండా వచ్చిన విద్య అదొక్కటే. ఆ తర్వాత వచ్చినవన్నీ వచ్చాయని అనుకొన్నవే.

డిగ్రీ అయ్యాక మా మేనమామ దుకాణంలో చేరాను. కొత్త బస్టాండు దగ్గర ఆయనకు కంప్యూటర్లు బిగించి అమ్మే చిన్న షాపు ఉండేది. కొన్నవాళ్ళు వారం తర్వాత తిరిగొచ్చి, ఇంతకీ దీంతో ఏం చేసుకోవాలప్పా అని అడిగితే, మామ వేలితో నన్ను చూపించేవాడు. అట్లా నేను ఒక సాఫ్ట్‌వేర్ విభాగాన్ని. ఆ విభాగంలో ఒక బల్ల, ఒక ఫ్యాను, ప్రోగ్రాంలు రాసే విజువల్ బేసిక్ మీద ఒక సెకండ్ హాండ్ పుస్తకం ఉండేవి. ఫ్యాను కరెంటు ఉన్నప్పుడు తిరిగేది, పుస్తకం అవసరం ఉన్నప్పుడు తెరిచేవాణ్ణి, కాబట్టి రెండూ ఎక్కువ భాగం ఊరికే ఉండేవి.

ఎమ్మిగనూరు నుంచి ఒక షావుకారు వచ్చింది ఆ రోజుల్లోనే. ఆయన చీరల వ్యాపారి, ఊళ్ళో చాలా మగ్గాలు ఆయనకే నేస్తాయి. ఎక్కడో చీర అంచులకు డిజైన్లు కంప్యూటర్‌లో గీస్తున్నారని విని, అట్లాంటిది తనకూ కావాలన్నాడు. మామ నావైపు చూడకుండానే, మావాడు పదిరోజుల్లో చేస్తాడని చెప్పేశాడు. జాకార్డు అనే మాట నేను విన్నది అప్పుడే మొదటిసారి. అది మగ్గం మీద పెట్టే పెట్టె అని, దాని మీదుగా రంధ్రాలున్న అట్టల దండ ఒకటి తిరుగుతుందని, అట్టలో రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుందని, లేనిచోట లేవదని, పోగులు అట్లా లేచి దిగితేనే అంచులో పువ్వు పడుతుందని తర్వాత తెలిసింది. ఏ అట్టలో ఎక్కడ రంధ్రం కొట్టాలో చెప్పేది గ్రాఫ్ కాగితం. గడిలో చుక్క ఉంటే రంధ్రం, లేకపోతే లేదు. ఒక్క చుక్క మరిచిపోతే ఒక్క పోగే లేవదు గానీ, చీర పొడుగునా ప్రతి పువ్వులోనూ అదే చోట లేవదు. మా వృత్తిలో తప్పులు కూడా అట్లాగే ఉంటాయి. ఈ పోలిక అప్పుడు తోచలేదు, తోచి ఉంటే కొంచెం జాగ్రత్తగా ఉండేవాణ్ణేమో. ఉండేవాణ్ణి కాదులెండి.

ఆ చుక్కలు పెట్టేది ఒక పెద్దాయన. అరవై దాటినవాడు, సన్నగా, చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒకటి ఎర్ర సిరా, ఒకటి నల్ల సిరా. వాళ్ళ నాయన దగ్గర నేర్చిన పని. ఆయన చుక్కలు జతలుగా పెట్టేవాడు. టక్ టక్, చిన్న ఆగింపు, మళ్ళీ టక్ టక్. అంచులో జరీపోగులు జోడుగా లేస్తాయి కాబట్టి చుక్క కూడా జోడుగానే పడాలని వాళ్ళ నాయన నేర్పాడట, ఒకటి పెట్టి ఆగితే లెక్క తప్పుతుందట. ఒకసారి పక్కన కూర్చొని చూశాను. కళ్ళు పాత చీర అంచు మీద ఉన్నాయి, చెయ్యి కాగితం మీద దాని పాటికి అది పోతోంది. కర్నూలు బస్టాండులో టికెట్లు చించే కండక్టర్లలో కూడా అంత వేగం నేను చూడలేదు, వాళ్ళైనా నోటితో కూడా పని చేస్తారు, ఈయన నోరు మెదపడు.

షావుకారు ఉన్నమాట ముందే చెప్పేశాడు. కంప్యూటర్ ముందు పెద్దాయనే కూర్చోవాలని ఆయన కోరిక, ఎందుకంటే అంచు తెలిసినవాడు ఆయనే. కానీ మిషన్ చేతికి రాకపోతే వేరేవాణ్ణి కూర్చోబెడతాడు, కాగితం పని ఇక ఉండదు. అంటే అరవై రెండేళ్ళ మనిషికి అది పరీక్ష, ఆ పరీక్షపత్రం తయారుచేసేది ఇరవై మూడేళ్ళ నేను. మీలో ఎవరికైనా ఇది అన్యాయంగా తోస్తే, నాకప్పుడు గొప్పగా తోచిందని మనవి.

ప్రోగ్రాం రాసుకొని నేర్పడానికి పోయిన మొదటిరోజు ఆయన కాళ్ళూ చేతులూ కడుక్కొని వచ్చాడు. కొత్త పనిముట్టు కదా అని కుంకుమ తెప్పించి మౌస్‌కు బొట్టు పెట్టాడు. అది సరిగ్గా ఎడమ బటన్ మీద పడింది. ఎక్కడ నొక్కాలో ఆయనకు నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. తర్వాత చెయ్యి ఆనించి, లోపల ఏమైనా ప్రాణముందా అన్నట్టు కాసేపు ఊరికే పట్టుకొని కూర్చున్నాడు. మూడోరోజు సాయంత్రానికి నాకన్నా వేగంగా చుక్కలు పెడుతున్నాడు. నేను ఒక గడి నొక్కేలోపు ఆయన నాలుగు నొక్కేవాడు. జతలుగానే. టక్ టక్. టక్ టక్.

నాలుగోరోజు నన్ను పిలిచి, పెట్టిన చుక్క పడలేదన్నాడు. నేను వంగి, ఒక వైద్యుడి గాంభీర్యంతో, ఆ గడి మీద బాణం గుర్తు నిలబెట్టి, ఒక్కసారి నొక్కాను. చుక్క పడింది. పక్కది నొక్కాను. పడింది. పడుతోంది కదా పెద్దాయనా అన్నాను. ఆయన తల ఊపి, మళ్ళీ పని మొదలుపెట్టి, పది నిమిషాలకు మళ్ళీ పిలిచాడు. ఈసారి ఆయన చెప్పినమాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"నువ్వు పెడితే పడతాండాది సారూ. నేను పెడితే జోడులో మొదటిది పడతాది, రెండోది పడదు. మొదటిది ఎప్పుడూ తప్పల్యా. రెండోదే."

పాతికేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఏది పోతోందో, ఎప్పుడు పోతోందో, ఎవరు నొక్కితే పోతోందో, మూడూ ఒక్క ఊపిరిలో చెప్పిన ఫిర్యాదు నాకు మళ్ళీ రాలేదు. ఇప్పుడు నా దగ్గరికొచ్చే ఫిర్యాదులు 'పని చేయడం లేదు' అనే మూడు ముక్కల్లో ఉంటాయి. ఆ మనిషి జబ్బు పేరు తప్ప అన్నీ చెప్పాడు. నేను నవ్వి, అలవాటవుతుంది, నిదానంగా నొక్కు పెద్దాయనా అన్నాను.

ఆయన నిదానంగా నొక్కడానికి ప్రయత్నించాడు. లెక్క తప్పింది. మళ్ళీ తన వేగానికి వచ్చి, పడని చుక్కలను తెర మీద వెతికి వెతికి నింపేవాడు. ఆ తెర పద్నాలుగు అంగుళాలది, అంచు మొత్తం కనబడాలని గడిని నేను ఆవగింజంత చేశాను, కిటికీలోంచి ఎమ్మిగనూరు ఎండ నేరుగా దానిమీద పడేది. కొన్ని దొరికాయి, కొన్ని దొరకలేదు. ఆ అంచును కాగితం మీద అచ్చు తీసి, దాన్నిబట్టి అట్టలకు రంధ్రాలు కొట్టి, దండ కట్టి, మగ్గానికి ఎక్కించారు. నేసింది పెద్దాయన కోడలే. మామిడిపిందెల అంచు. జానెడు నేసి ఆమె మగ్గం ఆపిందట. పిందె పిందెకూ పళ్ళూడిన దువ్వెనలాగా సందులు.

నాకు కబురొచ్చింది. కర్నూలు నుంచి బస్సులో పోతూ దారి పొడుగునా ప్రోగ్రాం మనసులో తిప్పి చూసుకున్నాను, ఎక్కడా తప్పు కనబడలేదు. కనబడకపోవడమే సాక్ష్యం అనుకునే వయసది. షావుకారు అంగడి వెనక, కంప్యూటర్ పెట్టిన గదిలోనే ఆ జానెడు గుడ్డ బల్లమీద పరిచి ఉంది. షావుకారు, ఆయన బావమరిది, పెద్దాయన, నేను, గ్లాసుల కోసం వచ్చిన టీ ఆయన. కర్నూలులో ఒక అంగడికి ఇస్తానన్న చీరలవి, షావుకారుకు మాట పోతోంది, ఆయన కోపంగా ఉన్నాడు గానీ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, అరుపులకు నేను భయపడి తెలియదని చెప్పేవాణ్ణి. ఆయన చాలా మామూలుగా అడిగాడు.

"తప్పు మిషన్‌దా, మనిషిదా? ఒక్కమాటలో చెప్పప్పా."

ఒక్కమాటలో చెప్పగలిగిన నిజం ఒకటి నా దగ్గర ఉంది. తెలీదు. అది కూడా మూడే అక్షరాలు. ఇప్పుడైతే రోజుకు నాలుగుసార్లు అంటాను, జీతం కూడా ఇస్తున్నారు. అప్పుడు మాత్రం అందరి ముందరా ఆ మూడక్షరాలు నోట్లోంచి రాలేదు, వేరేవి వచ్చాయి.

"మిషన్ సరిగ్గానే ఉంది సార్. పెద్దాయన చెయ్యి కొంచెం వణుకుతాండాది."

అక్కడితో ఆగినా బాగుండేది. చెయ్యి వణికితే రెండోసారి నొక్కినప్పుడు బాణం పక్కకు జరుగుతుందని, అరవై దాటినవాళ్ళలో ఇది మామూలేనని, శాస్త్రం కూడా కొంత చెప్పాను. నా గొంతులో జాలి కూడా ఉంది. నేను నిజంగానే జాలిపడ్డాను, అదే ఇప్పుడు తలచుకోలేనిది.

పెద్దాయన కుడిచెయ్యి ఎత్తి, అరచెయ్యి, వెనకపక్క, మళ్ళీ అరచెయ్యి చూసుకున్నాడు, సంతలో కొన్న వస్తువును ఇంటికొచ్చాక చూసుకున్నట్టు. తర్వాత "అట్లనా" అన్నాడు. అంతే. లేచి, నేను నేర్పినట్టే మానిటర్ మీద గుడ్డ కప్పి, నాలుగు మూలలూ సర్ది, వెళ్ళిపోయాడు. ఇక్కడ మీ కళ్ళు చెమ్మగిల్లే ముందు చెప్పేస్తాను, ఆయన షట్‌డౌన్ చేయడం మరిచిపోయాడు, సాయంత్రం దాకా ఆ గుడ్డ కింద తెర వెలుగుతూనే ఉంది.

కంప్యూటర్ ముందరి ఆ ఎర్ర కుర్చీలో షావుకారు బావమరిది కూర్చున్నాడు. అంత నిదానమైన మనిషిని నేను చూడలేదు. ఒక చుక్క పెడతాడు, దాన్ని మెచ్చుకుంటాడు, ఒక గుటక టీ తాగుతాడు, రెండో చుక్క గురించి ఆలోచిస్తాడు. పెద్దాయన నాలుగు రోజుల్లో గీసే అంచుకు ఆయనకు నెల పట్టింది. కానీ ఒక్క చుక్క పోలేదు. అంటే నేను చెప్పిందే నిజమని తేలిపోయింది. షావుకారు మామకు ఫోన్ చేసి, మీవాడు మనిషిని చూసి జబ్బు చెప్పేస్తాడప్పా అని మెచ్చుకున్నాడు. మామ ఆ మాట దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. నేను వద్దనలేదు.

రెండు మూడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కర్నూలులో, కరెంటు పోయి వచ్చింది, మళ్ళీ ఎప్పుడు పోతుందో తెలియదు. అదే ప్రోగ్రాం ఇంకో ఊరి వ్యాపారికి చూపించాలి, నమూనాగా ఒక పువ్వు గీయాలి. కరెంటు పోయేలోపు అయిపోవాలని గబగబా నొక్కుతున్నాను. జీవితంలో మొదటిసారి నేను కూడా వేగంగా నొక్కాను. చూస్తే చుక్క విడిచి చుక్క ఖాళీ. నేను చెయ్యి చూసుకోలేదు, ఆ ఆలోచన కూడా రాలేదు. నాది కాబట్టి వణకదని నాకు తెలుసు. నేరుగా ప్రోగ్రాంలోకి పోయాను.

సంగతి ఇది. మౌస్ బటన్ నొక్కినప్పుడల్లా కంప్యూటర్ మన ప్రోగ్రాంకు 'నొక్కారు' అని ఒక కబురు పంపుతుంది. ఆ కబురు అందితే చుక్క పెట్టమని నేను రాశాను. కానీ దాదాపు అదే చోట, వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే, రెండోసారి పంపేది ఆ కబురు కాదు, 'రెండుసార్లు నొక్కారు' అనే వేరే కబురు. అది అందితే ఏం చేయాలో నేను ఏమీ రాయలేదు. అది వస్తుంది, తలుపు కొడుతుంది, లోపల ఎవరూ లేరు, వెళ్ళిపోతుంది. నేను గడిని ఆవగింజంత చేశాను కాబట్టి పక్క గడి కూడా దానికి అదే చోటు. ఆయన జతలుగా వేగంగా పెట్టేవాడు కాబట్టి ప్రతి జతలో రెండోది ఖాళీ ఇంటికి పోయింది. మొదటిది ఎప్పుడూ తప్పదు. రెండోదే. ఆ పని చేసే చెయ్యి ఎంత కుదురుగా ఉంటే ఆ తప్పు అంత ఖచ్చితంగా జరుగుతుంది. చెయ్యి నిజంగా వణికి, బాణం పక్కకు జరిగి ఉంటే, చుక్క పడేది.

ఈ సంగతి నా సెకండ్ హాండ్ పుస్తకంలో ఉంది. తర్వాత వెతికి చూశాను. ఆ పేజీ మీద నా టీ మరక కూడా ఉంది, అంటే ఆ పేజీ తెరిచాను, దానిమీద గ్లాసు పెట్టుకున్నాను.

దిద్దడానికి ఒక లైను పట్టింది. ఆ రెండో కబురు వచ్చినా మొదటిదానికి చేసినట్టే చెయ్యమని. మామకు చెప్పాను. పోయి బాగుచేసి రమ్మన్నాడు, ఏం బాగుచేశావో మాత్రం చెప్పొద్దన్నాడు, ఒక ఊళ్ళో తెలిస్తే అన్ని ఊళ్ళలో తెలుస్తుంది అని. నాకు ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. చెప్పకపోవడం ఇప్పుడు నా పిరికితనం కాదు, పెద్దవాళ్ళ మాట.

ఫ్లాపీ జేబులో పెట్టుకొని పోయాను. ప్రోగ్రాం మార్చి, వేగం పెంచినాను సార్ అని షావుకారుకు చెప్పాను. అబద్ధం కాదు. ఆ ఊపులో, మాట మధ్యలో తోచినట్టుగా, పెద్దాయనను మళ్ళీ కూర్చోబెట్టి చూస్తే ఎట్లుంటుందని అడిగాను. షావుకారు నావైపు వింతగా చూసి, చెయ్యి బాగలేని మనిషిని మళ్ళా ఈడ కూర్చోబెట్టి యాడ ఇబ్బంది పడేదప్పా, నువ్వే కదా చెప్పింది అన్నాడు. నేనే. అప్పుడు చెప్పుండొచ్చు. బావమరిది టీ తాగుతూ నన్నే చూస్తున్నాడు. ఆయన కుర్చీ కదా. నేను ఫ్లాపీని కవర్లో పెట్టడంలో చాలా శ్రద్ధ చూపించాను.

అయినా పెద్దాయన ఇంటికి పోయాను. ఆయన ఒక్కడికైనా చెప్పి పోదామని. ముందుగదిలో గుంటమగ్గం మీద కోడలు నేస్తోంది, పెద్దాయన గోడ వారగా కూర్చొని రాట్నం మీద నేతకు నూలు కండెలు చుడుతున్నాడు. నేతవాళ్ళ ఇళ్ళలో కండెలు చుట్టేది మామూలుగా ఆడవాళ్ళు, పిల్లలు. నన్ను చూసి నిజంగా సంతోషపడ్డాడు. చాప వేయించాడు, టీ పెట్టించాడు. ఆయన చెప్పుకొచ్చిందేమంటే, నేను జబ్బు పేరు చెప్పాక ఊరికే ఉండకూడదని కర్నూలుకు పోయి ఒక డాక్టరుకు చూపించుకున్నాడట. డాక్టరు చెయ్యి బాగుంది, ఏమీ లేదన్నాడట. మనసుకు నచ్చలేదు. కోసిగి దగ్గర ఆకుపసరు ఇచ్చే మనిషి ఉన్నాడంటే అక్కడికీ పోయి, అది తెచ్చుకొని, రోజూ పొద్దున్నే పరగడుపున తాగుతున్నాడు. శానా చేదంట. చెబుతూ నిండుగా ఉన్న టీ గ్లాసును కుడిచేత్తో నా ముఖం ముందుకు చాచాడు.

"డాక్టరుకు ఏం తెల్సు, ఆయప్ప నేను పని చేస్తాంటే చూడల్యా. నువ్వు చూసినావు. చూడప్పా, ఇప్పుడు ఎట్లుండాది?"

నేను చూశాను. గ్లాసు అంచు దాకా టీ ఉంది. దానిమీద మీగడ కూడా కదల్లేదు. ఎంతసేపు పట్టుకున్నాడో తెలియదు, నేను జవాబు చెప్పేదాకా పట్టుకున్నాడు. నోటిదాకా వచ్చిన మాట వేరు, బయటికొచ్చిన మాట వేరు.

"తగ్గింది పెద్దాయనా. ఇప్పుడు వణకడం లే."

ఆయన ముఖం విప్పారింది. పసరు పని చేస్తాండాది అన్నమాట అని, ఆపకుండా తాగుతానన్నాడు. నేను మంచిదే అన్నాను. మగ్గం చప్పుడు ఆగి ఎంతసేపయిందో నేను గమనించలేదు.

గడప దాకా కోడలు వచ్చింది. నాకన్నా ఓ ఏడెనిమిదేళ్ళు పెద్దదై ఉంటుంది. గొంతు పెంచలేదు, లోపలికి వినబడకూడదని.

"ఏమబ్బీ, మీ మిషన్ బాగైందంట కదా?"

అయిందక్కా అన్నాను.

"ఏం బాగు చేస్తివి?"

చిన్నదేనక్కా, ఒక లైను అన్నాను.

"మా మామ చెయ్యి ఎన్నడూ వణకల్యా. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి చూస్తాండా. ఆ ఒక లైను ఏందో లోపలికి పోయి ఆయప్పకు చెప్పి పో."

బస్సుకు టైమైందక్కా అన్నాను. అయింది కూడా. ఆ బస్సు పోతే గంటన్నరకు ఇంకోటి ఉంది. అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు, ఆమె రోజూ ఆ బస్సుల హారన్లు వింటూ నేసే మనిషి. పో మరి అన్నట్టు పక్కకు జరిగింది. బస్సులో నాకు కిటికీ పక్కన సీటు దొరికింది. ఎండ అటువైపే ఉంది.

మళ్ళీ ఎమ్మిగనూరు పోలేదు. పోవాల్సి వచ్చినప్పుడల్లా వేరేవాళ్ళను పంపే ఉపాయం ఏదో ఒకటి దొరికింది. తర్వాత కడపలో ఉద్యోగం వచ్చింది, మామ దుకాణం సెల్‌ఫోన్ల దుకాణమైంది. చాలా ఏళ్ళకు ఒక పెళ్ళిలో షావుకారు బావమరిది కనబడి, పెద్దాయన మళ్ళీ కంప్యూటర్ జోలికి పోలేదనీ, కాగితం పని అడిగేవాళ్ళూ లేకపోయారనీ, కండెలు చుడుతూనే కాలం చేశాడనీ, చివరిదాకా ఆ పసరు మానలేదనీ చెప్పాడు. దాంతో ఆయన అజీర్తి పూర్తిగా నయమైందట. ఈ విషయం బావమరిది ఒక శుభవార్తలాగా చెప్పాడు, నేనూ అట్లాగే విన్నాను, తర్వాత ఇద్దరం భోజనాలకు లేచాం.

ఇప్పుడు ప్రోగ్రాంలు మారిపోయాయి. ఏదైనా చెడితే అవే ముందుగా క్షమించమంటాయి, ఏదో పొరపాటు జరిగింది, ఇది మీ తప్పు కాదు, మళ్ళీ ప్రయత్నించండి అని తెర మీద వేస్తాయి. ఆ మాటలు ఎవరో కూర్చొని రాసినవే, చదివేవాడు ఎవడో రాసినవాడికి తెలియదు, అయినా అంటాయి. మా కాలంలో ప్రోగ్రాంలు అట్లా అనేవి కావు, చెడితే మౌనంగా చెడేవి. అనాల్సింది రాసినవాడు. మనం మన చేతులతో రాసి, ఆ ఊరికే పోయి, వాళ్ళ చాప మీదే కూర్చొని, వాళ్ళ టీ తాగి వచ్చేవాళ్ళం. క్షమించమని అడగడానికి అంత దగ్గరగా ఇప్పటి వాళ్ళెవరూ పోరు. అంత దగ్గరగా పోయి కూడా నేను అడగలేదు.

ఇంకొక్క విషయం, ఇది నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. ఆ ఇబ్బందికి నా ఒక లైను కూడా అక్కరలేదు. కంప్యూటర్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే మౌస్ అని ఒక బొమ్మ ఉంటుంది. దాన్ని తెరిస్తే, రెండుసార్లు నొక్కడం అంటే ఎంత వేగంగా నొక్కడమో నిర్ణయించే ఒక పట్టీ ఉంటుంది. దాన్ని 'ఫాస్ట్' అని రాసిన వైపు చివరిదాకా జరపాలి, అప్పుడు పెద్దాయన జత కూడా దానికి రెండు విడివిడి నొక్కులే. తర్వాత అప్లై నొక్కాలి.